పేరు జారని పెట్టె

మనిషి ఒంట్లో అన్నిటికన్నా పొడుగైనది తొడ ఎముక. ఓ మోస్తరు ఎత్తున్న మగవాడిలో దాని పొడవు దాదాపు మూరెడు. అన్నిటికన్నా మొండిగా చోటు అడిగేది పుర్రె. అది వంగదు, ఒదగదు, ఇంకో ఎముక సందులో దూరదు. ఎటు చూసినా జానెడు చోటు దానికి వదలాల్సిందే. కటి చూడ్డానికి పుర్రెకన్నా వెడల్పే కాని, కీళ్ళను బిగించి ఉంచే స్నాయువులు కరిగిపోయాక అది మూడు ముక్కలుగా విడిపోయి, బోర్లించిన పళ్ళేల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుంటుంది. కాబట్టి మూరెడుకు కాస్త మించిన పొడవు, జానెడుకు కాస్త మించిన వెడల్పూ లోతూ ఉన్న పెట్టె ఒకటి చేస్తే చాలు, అందులో ఒక మనిషి పూర్తిగా పడతాడు.

19వ శతాబ్దం రెండో సగం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో, కెనడా పడమటి తీరంలో, న్యూజీలాండ్‌లో ఇలాంటి పెట్టెలు తయారయ్యాయి. కొన్ని రేకువి, కొన్ని చెక్కవి. వాటిలో ప్రయాణించినవాళ్ళు దక్షిణ చైనా నుంచి బంగారం కోసమో రైలు పట్టాల పని కోసమో వచ్చి, పరాయి గడ్డ మీద కన్నుమూసిన కూలీలు. వాళ్ళ ఎముకలను తవ్వి తీసి, కడిగి, లెక్కపెట్టి, పేరు రాసి, పసిఫిక్ మహాసముద్రం దాటించి, హాంకాంగ్‌లో దించి, అక్కణ్ణుంచి పడవల మీద సొంత ఊళ్ళకు చేర్చారు. ఒకరిద్దరిని కాదు, వేలమందిని. ఏడాదో రెండేళ్ళో కాదు, దాదాపు వందేళ్ళు. ఏ ప్రభుత్వమూ దీన్ని నడపలేదు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇందులోని దుఃఖం గురించి చెబుతారు. దుఃఖం ఉంది, కాదనను. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ పనితనం దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే వాళ్ళ ముందున్న చిక్కు చాలా గట్టిది. ఎముకకు మొహం ఉండదు. పదేళ్ళు మట్టిలో ఉన్న రెండు పుర్రెలను పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా తన బిడ్డ ఎవరో గుర్తుపట్టలేదు. కాబట్టి ఆ ఎముకకు పేరును అతికించాలి. ఆ అతుకు పదేళ్ళ వానకూ మంచుకూ తట్టుకోవాలి. అరడజను చేతులు మారినా, భాష రాని గుమాస్తాల బల్లల మీదుగా వెళ్ళినా, వారాల తరబడి సముద్రం మీద ఊగినా ఊడిపోకూడదు. ఈ ఏర్పాటులో దాదాపు ప్రతి భాగమూ ఆ అతుకును కాపాడ్డానికి పుట్టిందే.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ కబురు అందుకుని ఓడలెక్కినవాళ్ళలో అత్యధికులు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, పెర్ల్ నది డెల్టా చుట్టూ ఉన్న కొద్ది జిల్లాలవాళ్ళు. తైషాన్, కైపింగ్, ఎన్‌పింగ్, శిన్‌హుయ్, పన్యూ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు. కాలిఫోర్నియాకు వాళ్ళు పెట్టుకున్న పేరు గమ్ సాన్, బంగారు కొండ. కొండెక్కినవాడు దిగి రావాలి కదా. నాలుగు రాళ్ళు వెనకేసుకుని ఇంటికి తిరిగి వెళ్ళడమే చాలామంది ఉద్దేశం. తిరిగి వెళ్ళకుండానే పోతే? చింగ్‌మింగ్ పండుగ నాడు సమాధి ఊడ్చి, అన్నం పెట్టి, ధూపం వేసే కొడుకులూ మనవలూ ఊళ్ళోనే ఉన్నారు. సమాధి అక్కడ లేకపోతే ఆ మనిషి ఆకలితో తిరిగే ఆత్మ అవుతాడని వాళ్ళ నమ్మకం.

ఎముకలు ఏరి తేవడానికి వాళ్ళు కొత్త విద్యేమీ కనిపెట్టలేదు. ఉన్న విద్యనే సముద్రం దాటించారు. దక్షిణ చైనాలో చాలా చోట్ల మనిషిని రెండుసార్లు పాతిపెట్టే ఆచారం ఉంది. మొదటిది తాత్కాలికం. శవపేటికను పాతిపెట్టి ఏడేళ్ళో పదేళ్ళో ఆగుతారు. మాంసం మట్టిలో కలిసిపోయాక మళ్ళీ తవ్వి, ఎముకలు మాత్రం తీసి, మంచి చోటు చూసి శాశ్వతంగా పెడతారు. ఈ పనిని కాంటనీస్‌లో జప్ గ్వాట్ అంటారు. మాటకు మాట చెప్పుకుంటే మన అస్థి సంచయనమే. మనం చితి చల్లారాక ఏరి నీళ్ళలో కలుపుతాం, వాళ్ళు ఏళ్ళ తరబడి ఆగి ఏరి తిరిగి మట్టిలోనే దాస్తారు.

ఏరడానికి ఆ పని తెలిసిన మనిషి వస్తాడు. ఎముకలను ఒక్కొక్కటే తీసి, మన్ను రాల్చి, తుడిచి, ఆరబెడతాడు. ఆరబెట్టేటప్పుడు సూటిగా ఎండ పడకుండా గొడుగు పట్టే అలవాటు ఉంది. తరవాత గమ్ తాప్ అనే ఎత్తైన మట్టి జాడీలో సర్దుతాడు. గమ్ తాప్ అంటే బంగారు గోపురం. సర్దే వరస తప్పడానికి వీల్లేదు. అడుగున పాదాల ఎముకలు. వాటి మీద కాళ్ళ పొడుగెముకలు. తరవాత కటి, వెన్నుపూసలు, పక్కటెముకలు, చేతులు. అన్నిటికీ పైన పుర్రె. మూత తీసి పైనుంచి చూస్తే ముందు మొహం కనిపిస్తుంది. మనిషి మోకాళ్ళు ముడుచుకుని జాడీలో కూర్చున్నట్టు ఉంటుంది. ఒక శరీరాన్ని మడిచి, దాని పైకిందులు మారకుండా, మూడో వంతు ఎత్తులో ఇమిడ్చే విద్య ఇది. వీణను పెట్టెలో పెట్టడం తెలిసినవాడికి ఇందులో కష్టమేమిటో అర్థమవుతుంది.

ఎముకకే ఇంత గౌరవం ఎందుకు? మాంసం తల్లి నుంచి, ఎముక తండ్రి నుంచి వస్తుందని ఆ ప్రాంతంలో భావన. మాంసం కుళ్ళుతుంది, ఎముక నిలుస్తుంది, వంశం ఎముకలో సాగుతుంది. ఇది మనకు పూర్తిగా కొత్త మాటేమీ కాదు. మన ఆయుర్వేద గ్రంథాలు కూడా ఎముకలను, పళ్ళను, గోళ్ళను తండ్రి నుంచి వచ్చినవాటిలో, మాంసాన్ని, రక్తాన్ని తల్లి నుంచి వచ్చినవాటిలో చేర్చాయి. లెక్క విషయంలో మాత్రం ఎవరి దారి వారిది. సుశ్రుతుడు ఎముకలు 300 అన్నాడు. చరక సంహిత 360 అంది. 1247లో సోంగ్ త్సు అనే చైనా న్యాయాధికారి శవపరీక్ష మీద రాసిన పుస్తకం, ఏడాదికి రోజులెన్నో మనిషికి ఎముకలన్ని అని, 365 చెప్పింది. నేటి వైద్యం లెక్క 206.

ఈ 206లోనే పని కష్టం దాగి ఉంది. ఒక్కో చేతిలో మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా 27 ఎముకలు. ఒక్కో పాదంలో 26. నాలుగూ కలిపితే 106. అంటే మనిషి ఎముకల్లో సగానికి పైగా చేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని శనగ గింజంత. పెద్ద ఎముకలను ఎవరైనా ఏరగలరు. ఈ 106 దగ్గరే పనిమంతుడెవరో తెలుస్తుంది. గులకరాయికీ మణికట్టు ఎముకకూ తేడా వేలి కొసతో తెలియాలి. నాలుక మొదట్లో గుర్రపు నాడా ఆకారంలో ఒక సన్నని ఎముక ఉంటుంది. ఒంట్లో మరే ఎముకతోనూ దానికి కీలు లేదు, కండరాల మీద వేలాడుతూ ఉంటుంది. కండరం పోగానే అది జారి ఎటు పోతుందో చెప్పలేం. దాన్ని వెతికి పట్టడం ఓపికకు పరీక్ష.

పరాయి దేశంలో ఈ పని ఎలా సాగేదో వరసగా చూద్దాం. అక్కడ మొదటి ఖననమే రెండోదాన్ని దృష్టిలో పెట్టుకుని జరిగేది. గొయ్యి లోతు తక్కువ. చైనా వాళ్ళ సమాధులు పైపైన ఉంటాయని తెల్ల పత్రికలు వెక్కిరించాయి కాని, అందులో తెలివి ఉంది. పైన ఉన్న శరీరం తొందరగా కరుగుతుంది, తవ్వడం సులువు. ఇది శాశ్వత నివాసం కాదు, బస.

తరవాత పేరు. సమాధి మీద నాటిన కొయ్య పలక మీద పేరు రాసేవాళ్ళు. కాని కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల మంచులో కొయ్య ఎన్నాళ్ళు ఉంటుంది? పశువులు తోసేస్తాయి, కార్చిచ్చు కాల్చేస్తుంది, చలికి వణికేవాడు పొయ్యిలో పెట్టుకుంటాడు. కాబట్టి పేరును కిందికి, శవం పక్కకు, దించారు. ఇటుక మీద పేరూ ఊరూ రాసి, లేదా చెక్కి, గోతిలో పెట్టారు. కొన్ని చోట్ల కాగితం మీదో గుడ్డ మీదో రాసి సీసాలో పెట్టి పాతారు. ఇటుక ఎంత చవక వస్తువో అంత నమ్మకమైనది. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, దొంగకు పనికిరాదు, ఎత్తుకుపోయేంత తేలికా కాదు. మంటలోంచే పుట్టింది కనుక మంటకు జడవదు. ఈ మొత్తం యంత్రాంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఈ ఇటుకే. పైన గుర్తు చెరిగిపోయినా, తవ్వినవాడికి మనిషీ పేరూ ఒకే చోట దొరుకుతాయి.

ఇటుక మీద ఏం రాశారన్నది కూడా గమనించాలి. అమెరికా రికార్డుల్లో ఈ మనుషులు సగానికి సగం ‘ఆ’ అనే చనువు పిలుపుతో మొదలై ఒక ముక్కతో అయిపోతారు. మన దగ్గర పనిచేసేవాళ్ళ పేర్ల పట్టికలో ‘అబ్బీ’, ‘చిన్నా’ అని రాసుకున్నట్టు. అలాంటి పేరు పట్టుకుని ఇల్లు చేరలేం. ఇటుక మీద ఉన్నది చైనా అక్షరాల్లో ఇంటిపేరు, పేరు, జిల్లా, ఊరు. అది పేరు మాత్రమే కాదు, చిరునామా కూడా.

కొన్నేళ్ళకోసారి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మనుషులు బయలుదేరేవాళ్ళు. గనుల దగ్గరి గుడారాలు, రైలు పట్టాల పక్క శిబిరాలు, ఎవరూ లేకుండా పోయిన చిన్న ఊళ్ళు తిరిగి, సమాధులు వెతికి, తవ్వేవాళ్ళు. ఎముకలు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి పెట్టెలోకి. పెట్టె మీద పేరు. ఇటుక మీది పేరు, చేతిలో ఉన్న జాబితాలోని పేరు, పెట్టె మీది పేరు, ఈ మూడూ కలవాలి. ఎంత జాగ్రత్తగా ఏరినా కొన్ని మిగిలిపోయేవి. తరవాతి కాలంలో ఆ ఖాళీ గోతులను పరిశీలించిన పురాతత్వవేత్తలకు వేలి ఎముకలు, బొత్తాలు, పేటిక మేకులు దొరికాయి. మంచు పడేలోపు పని ముగించాలన్న తొందరో, పనివాడికి అనుభవం తక్కువో. పద్ధతి గొప్పదే కాని, చేసినవాళ్ళంతా గొప్పవాళ్ళని చెప్పలేను.

1870 జూన్ 30న శాక్రమెంటో పత్రిక ఒకటి ఒక చిన్న వార్త వేసింది. తూర్పు నుంచి వచ్చిన రైల్లో సుమారు 1,200 మంది చైనీయుల ఎముకలు వచ్చాయని, వాటి బరువు 20,000 పౌండ్లని. పసిఫిక్ రైలు మార్గం పూర్తయి అప్పటికి ఏడాది దాటింది. ఆ సంఖ్య విలేఖరి ఊహా, నిజమా అని చరిత్రకారులు తర్కిస్తూ ఉంటారు. ఒక చిన్న భాగహారం చేసి చూశాను. 20,000 పౌండ్లంటే 9,000 కిలోలు. 1,200తో భాగిస్తే తలకు ఏడున్నర కిలోలు. ఆరిన మగవాడి అస్థిపంజరం నాలుగైదు కిలోలు తూగుతుంది. మిగిలిన రెండు మూడు కిలోలు పెట్టెకూ గుడ్డకూ సరిపోతాయి. ఇది ఆ సంఖ్యకు రుజువు కాదు. కాని ఆ వార్తలోని రెండు అంకెలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. ఆ పెట్టెల్లో వచ్చినవి శవాలు కావు, శుభ్రంగా ఆరిన ఎముకలు అని మాత్రం ఆ బరువు చెబుతోంది.

దీనికంతటికీ డబ్బు ఎక్కడిది? ఇక్కడి ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్కో ప్రాంతంవాళ్ళకు ఒక్కో సంఘం ఉండేది. వాటిని కలిపి జనం ఆరు కంపెనీలు అనేవాళ్ళు. ఎముకల పనికి సంఘాలకు అనుబంధంగా ధర్మసంస్థలు ఉండేవి. చందాలు వేసుకోవడం ఎక్కడైనా ఉన్నదే, ఎగ్గొట్టడమూ ఉన్నదే. వాళ్ళు చందా వసూలు చేయడానికి ఎంచుకున్న చోటు ఓడరేవు. ఇంటికి వెళ్ళే ప్రతి చైనీయుడూ సంఘం బాకీలు తీర్చినట్టు రసీదు చూపాలి. ఆ రసీదు లేనిదే టికెట్టు అమ్మకుండా పసిఫిక్ మెయిల్ స్టీమ్‌షిప్ కంపెనీతో సంఘాలు ఒప్పందం చేసుకున్నాయి. అందులో కొంత భాగం ఎముకల ఖాతాకు పోయేది. బతికి ఇంటికి వెళ్ళేవాడి ప్రయాణంలోంచి, చచ్చి ఇంటికి వెళ్ళేవాడి ఖర్చు వచ్చేదన్న మాట. చేతిలో డబ్బుండే రోజు, మనసు మెత్తగా ఉండే రోజు, తప్పించుకోలేని రోజు, ఈ మూడూ ఆ ఒక్క రోజే.

బయటి నుంచి అడ్డంకులు రాకపోలేదు. 1878లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టం చేసింది. ఆరోగ్య అధికారి అనుమతి లేకుండా సమాధి తవ్వకూడదు, ఒక్కో అనుమతికి 10 డాలర్లు కట్టాలి. కూలీకి అది రోజుల తరబడి జీతం. పైకి చట్టం అందరికీ వర్తిస్తుంది, కాని సమాధులు తవ్వి ఓడల్లో పంపేవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు. వాంగ్ యుంగ్ క్వై అనే చైనీయుడు అనుమతి లేకుండా అవశేషాలు తీశాడని పట్టుబడి, ఫెడరల్ కోర్టుకెక్కాడు. 1880లో కోర్టు చట్టాన్నే సమర్థించింది, ప్రజారోగ్యం కాపాడే హక్కు రాష్ట్రానికి ఉందంది. కడిగి ఆరబెట్టిన ఎముక నుంచి ఏ రోగం వస్తుందో తీర్పు చదివితే నాకు అర్థం కాలేదు. సంఘాలు మాత్రం ఆ 10 డాలర్లనూ లెక్కలో కలుపుకుని పని సాగించాయి.

ఇప్పుడు హాంకాంగ్. ఈ పనికి ఇరుసు అక్కడుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చే పెట్టెలు ఆ రేవులో దిగి, పదుల జిల్లాలకూ వేల ఊళ్ళకూ చీలిపోవాలి. పెద్ద ఉత్తరాల కచేరీ లాంటి పని. దాన్ని నెత్తికెత్తుకున్నది ఒక ఆస్పత్రి. 1870లో చట్టం ద్వారా ఏర్పడి 1872లో తలుపులు తెరిచిన తుంగ్ వా ఆస్పత్రిని చైనా వర్తకులే నడిపేవాళ్ళు. బతికున్నవాళ్ళ వైద్యంతోపాటు చచ్చినవాళ్ళ ప్రయాణాన్నీ చూసుకునేవాళ్ళు. 1875 నుంచి వాళ్ళకొక శవపేటికల బస ఉండేది. 1899లో దాన్ని ద్వీపం పడమటి అంచున సాండీ బేకు మార్చారు. అది శ్మశానం కాదు. రైలు దిగినవాడు ఇంకో రైలు కోసం కూర్చునే గది.

అక్కడి పని ఉత్తరాలతో మొదలయ్యేది. విదేశీ సంఘం ముందే జాబు రాసేది, ఫలానా ఓడలో ఇన్ని పెట్టెలు వస్తున్నాయి, ఇవీ పేర్లు, ఇవీ ఊళ్ళు, ఖర్చులకు ఇదీ సొమ్ము అని. ఓడ రాగానే ఆస్పత్రి మనుషులు జాబితాతో సరిచూసి పెట్టెలు దించి, బసకు చేర్చేవాళ్ళు. తరవాత పత్రికల్లో ప్రకటన. బంధువులు రుజువు తెచ్చుకుని పట్టుకెళ్ళొచ్చు. రాలేనివాళ్ళ కోసం ఆయా జిల్లాల ధర్మసంస్థలకు పడవల మీద పంపేవాళ్ళు. ఊళ్ళో ఖననం చేయడానికి కుటుంబానికి కొంత సొమ్మూ ముట్టేది. ఇదొక ముఖ్యమైన మెళకువ. ఇల్లు గడవని బంధువు ఎముకల పెట్టె చూసి బెదిరిపోకూడదు కదా. ఎవరూ రాని పెట్టెలను ధర్మ శ్మశానాల్లో పూడ్చేవాళ్ళు. శిన్‌హుయ్‌లోని హ్వాంగ్‌కెంగ్ దగ్గర అలాంటి సమాధులు వరసలు వరసలుగా బయటపడ్డాయి. అవి 19వ శతాబ్దం చివరివి.

చివరి తాళం పుస్తకం. తుంగ్ వా లాంటి సంస్థలు, ఎముకల పని చూసే ధర్మసంస్థలు లెక్కలు అచ్చు వేయించేవి. ఆ పుస్తకాలను జెంగ్ శిన్ లూ అంటారు. నమ్మకానికి రుజువు చూపే పుస్తకం అని అర్థం. ఎవరు ఎంతిచ్చారు, దేనికి ఎంత ఖర్చయింది, ఎవరి ఎముకలు ఏ ఊరికి వెళ్ళాయి. కొండల్లో పాతిన ఇటుక మీద మొదలైన పేరు ఇక్కడ అచ్చులో తేలుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బు కట్టినవాడు ఆ పేజీ తిప్పి, తన పక్క గుడారంలో పోయిన మనిషి ఇల్లు చేరాడో లేదో చూసుకోవచ్చు. రేపు తన పేరూ అలా వస్తుందని ధైర్యం తెచ్చుకోవచ్చు.

ఎముకలు దొరకనివాళ్ళ సంగతి? కొండచరియ కింద పడ్డవాళ్ళు, నదిలో కొట్టుకుపోయినవాళ్ళు, ఇటుకా సీసా ఏదీ లేనివాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం ఆత్మను పిలిచే పెట్టెలు చేశారు. మంత్రంతో ఆత్మను పిలిచి, పేరు రాసి, ఎముకలు లేని పెట్టెను మిగతావాటితోపాటే ఓడెక్కించేవాళ్ళు. పెట్టె ఖాళీ, పేరు పూర్తి. పనితనం దృష్టితో చూస్తే ఇది నన్ను నిలబెట్టేసిన విషయం. ఎముకకు పేరు అతికించడమే లక్ష్యమనుకున్నాను, తీరా చూస్తే రెండింట్లో ఒకటే మిగిలినప్పుడు వాళ్ళు పేరునే పంపారు.

అయితే ఈ జాబితాల్లోకి అందరూ ఎక్కలేదు. ఆడవాళ్ళనూ పసిపిల్లలనూ తరచు అక్కడే వదిలేశారు. వంశం ఎముకలో సాగుతుందన్న నమ్మకమే ఈ యంత్రాన్ని నడిపింది కనుక, వంశం నడపరనుకున్నవాళ్ళు దాని పళ్ళచక్రాల సందుల్లోంచి జారిపోయారు. ఎంత చక్కగా అమరిన పనిలోనైనా ఎవరి కొలతకు అమర్చారో చూడాలి.

1937లో జపాన్‌తో యుద్ధం వచ్చి దారి బిగుసుకుంది. 1949 తరవాత సరిహద్దు మూసుకుపోయి, వాణిజ్య ఆంక్షలు వచ్చి, దారి దాదాపు తెగిపోయింది. కెనడాలో విక్టోరియా నగరంలోని ఎముకల గదిలో పెట్టెలు ఏళ్ళ తరబడి ఓడ కోసం ఎదురుచూశాయి. 1961లో వాటిని హార్లింగ్ పాయింట్ శ్మశానంలో సముద్రపు ఒడ్డున 13 ఉమ్మడి సమాధుల్లో పెట్టేశారు. సాండీ బేలోనూ వేల పెట్టెలు చిక్కుబడ్డాయి. ఆ బస ఇప్పటికీ ఉంది. మరమ్మతు చేసిన తీరుకు 2005లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా అందుకుంది.

ఈ పద్ధతి సాధించగలిగిన దాన్నీ, దాని చేతకానిదాన్నీ ఒకే చోట చూపించే ఓడ ఒకటుంది. న్యూజీలాండ్‌లో డునెడిన్ నగరపు వర్తకుడు చోయ్ స్యూ హోయ్ పన్యూ జిల్లావాడు. నది అడుగు నుంచి బంగారపు ఇసుక తోడే తొట్ల యంత్రాలను అక్కడ ముందుగా నడిపినవాళ్ళలో ఒకడు. చియోంగ్ షింగ్ తోంగ్ అనే సంఘాన్ని ముందుండి నడిపాడు. ఆ సంఘం 1883లో ఒక ఓడ పంపి, తరవాత రెండోదానికి ఏర్పాట్లు మొదలుపెట్టింది. దేశమంతా సుమారు 40 శ్మశానాలు తవ్వారు. ఎముకలే మిగిలినవాళ్ళను కడిగి, గుడ్డలో చుట్టి, చిన్న చెక్క పెట్టెల్లో పెట్టారు. శరీరం ఇంకా కరగనివాళ్ళను లోపల లోహపు రేకు పరిచి మూసిన పెద్ద పేటికల్లో ఉంచారు. 1901లో స్యూ హోయ్ తనే కన్నుమూశాడు. ఆయన పేటికా ఆ జాబితాలోనే చేరింది. మొత్తం 499 మంది. వాళ్ళతోపాటు, కాపలా కోసం, ఇంటికి తిరిగి వెళ్ళే ముసలివాళ్ళు కొందరు ఎక్కారు.

వెంట్‌నర్ అనే ఆ స్టీమరు బొగ్గు నింపుకుని 1902 అక్టోబర్ 26న వెల్లింగ్టన్ నుంచి బయలుదేరింది. అదే రాత్రి, అర్ధరాత్రి దాటాక, టారనాకీ తీరాన ఒక రాతికి కొట్టుకుంది. మరమ్మతు కోసం ఉత్తరంగా చుట్టు తిరిగి ఆక్లండ్ వెళ్ళబోయి, 28న హోకియాంగా దగ్గర మునిగిపోయింది. కెప్టెన్‌తో కలిపి 13 మంది చనిపోయారు. సంఘంవాళ్ళు ఇంకో చిన్న స్టీమరు అద్దెకు తీసుకుని వెతికించినా ఫలితం లేకపోయింది. జాబితా భద్రంగా ఉంది, లెక్కలు సరిగ్గా ఉన్నాయి, ప్రతి పెట్టె మీదా పేరుంది. పెట్టెలేమో నీటి అడుగున సుమారు 150 మీటర్ల లోతులో ఉన్నాయి. న్యూజీలాండ్ నుంచి మళ్ళీ అంత పెద్ద ప్రయత్నం జరగలేదు.

కొన్ని పెట్టెలు మాత్రం పగిలి తేలాయి. ఆ తరవాతి రోజుల్లో, నెలల్లో, ఉత్తర తీరపు ఇసుకలో ఎముకలు కనిపించాయి. అక్కడ ఉండేవాళ్ళు తే రోరోవా, తే రరావా తెగల మావోరీలు. ఎవరివో తెలియని ఆ ఎముకలను ఏరి, తమవాళ్ళను పెట్టే చోటనే, తమవాళ్ళ పక్కనే పూడ్చారు. ఇటుక లేదు, జాబితా లేదు, రసీదు లేదు. ఇక్కడ ఎవరో పరాయివాళ్ళు పడుకున్నారని పిల్లలకు చెప్పారు, ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. 2013లో చింగ్‌మింగ్ వేళకు ఆ చైనీయుల వారసులు దండం పెట్టుకోవడానికి ఆ తీరానికి వచ్చారు. ఏ దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాలో అక్కడివాళ్ళకు తెలుసు.